ఉప్పు తగ్గిన కూర

రిహార్సల్లో ఎవరు నవ్వినా నాటకాల మాస్టారు చప్పట్లు చరిచి ఆట ఆపేస్తాడు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో తేల్చందే ముందుకు కదలనివ్వడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకోవడం ఆయనకు అలవాటు. ఇవాళ కూతురు రాసుకొచ్చిన సన్నివేశం ఆడిస్తున్నాడు. "వచ్చే వారమే ఆపరేషన్ అన్నారండీ," అంది వేదిక మీది భార్య. భర్త కళ్ళజోడు తుడుచుకుంటూ, "కూరలో ఉప్పు తగ్గింది," అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు చప్పట్లు చరిచాడు. "ఆవిడ ప్రాణం మీదికొచ్చిందని చెబుతుంటే ఈ మహానుభావుడిది ఉప్పు గొడవ! పైకి నవ్వు, అడుగున ఏడుపు. భలే పాత్ర! ఎక్కడ పట్టావమ్మా?"

కూతురు తల వంచుకుంది. "మనింట్లోనే నాన్నా. నిన్న భోజనాల దగ్గర అమ్మా నువ్వూ అనుకున్న మాటలే."

కళ్ళజోడు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. మాస్టారు కూతురి వైపు తిరిగి అడిగాడు.

"ఆపరేషన్... మీ అమ్మకా?"