ఇరవై ఆరు కోళ్ల మందు

ఆ రోజుల్లో ముక్కు మూలంగా నేను పోగొట్టుకున్నవాటిని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని లెక్కవేస్తే ఇలా తేలింది: చేతి రుమాళ్లు పదకొండు (పన్నెండోది దొరికింది గానీ, దాన్ని దొరికినట్టు రాసుకోవడం న్యాయం కాదు), రెండు వానాకాలాల మట్టివాసన, జాడీ నిండా మామిడికాయ తొక్కు (వాసన తెలియకుండా తింటే పోయినట్టే కదా), నోరు మూసుకుని నిద్రపోయే సుఖం. ఇవన్నీ భరించాను. ఉద్యోగం కూడా ఈ లెక్కలో చేరబోతోందని తెలిశాక మాత్రం నాకు పట్టుదల వచ్చింది.

తొంభైల చివర్లో నేను శామీర్‌పేట దగ్గర ఒక కోళ్లఫారంలో సూపర్‌వైజర్ని. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి రోజూ సైకిల్ మీద వెళ్లేవాడిని. బడి చదువు తక్కువే అయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఎన్ని కోళ్లకు ఎంత దాణా అంటే కాగితం ముట్టకుండా చెప్పేవాడిని. ఆ పనికి లెక్కలకన్నా ముక్కు ముఖ్యమన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. షెడ్డులో పరిచిన వరిపొట్టు తడిసి రెట్టతో కలిస్తే ఘాటైన గ్యాసు పుడుతుంది. తెల్లవారగానే సూపర్‌వైజర్ లోపలికి వెళ్లి, వాసన పట్టి, పక్కల పరదాలు ఎత్తించాలి. లేకపోతే కోడిపిల్లల కళ్లు మూసుకుపోతాయి. తమాషా ఏమిటంటే, ఆ పొట్టు దుమ్ముకే నా ముక్కు మూసుకుపోయింది. ఒకరోజు "అంత బాగనే ఉంది సార్" అని నేను ధైర్యంగా చెబితే, ఫారం యజమాని లోపలికెళ్లి నిమిషంలో కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆయనది గోదావరి వైపు. కోపంలో కూడా మర్యాద తప్పేవాడు కాదు.

"ఏవయ్యా, ఆ ముక్కు దేనికి పెట్టుకున్నావు, కళ్లజోడు ఆనించుకోడానికా?" అన్నాడు. నాకు కళ్లజోడు కూడా లేదు. "వచ్చే నెల కొత్త పిల్లలు దిగుతున్నాయి. ఈలోగా బాగుచేసుకుంటే సరే. లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటాను."

ఇంట్లోనే బాగుచేసుకుంటానని ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను. కోళ్లకు జలుబు చేస్తే నీళ్లలో కలిపే నీలగిరి తైలం మందు ఫారంలో ఉండేది. సీసా మీద వంద కోళ్లకు ఎంతో రాసి ఉంది. మనిషికి ఎంతో రాయలేదు. రాయకపోతే నాకు లెక్క రాదా? దాణా తూచే కాటా ఎక్కితే యాభై రెండు కిలోలు తూగాను. కోడి సగటు బరువు రెండు కిలోలు. అంటే నేను ఇరవై ఆరు కోళ్లు. వందలో నాలుగో వంతు, పైన ఒక కోడి. లెక్కలో వెంట్రుకవాసి తప్పు లేదు. కాకపోతే ఆ మోతాదు కోళ్లు రోజంతా తాగే నీళ్లలో కలపాల్సింది. నేను ఇంటికి తెచ్చి ఒక్క గిన్నెడు మరిగే నీళ్లలో పోసి, మా అవ్వ (నాయనమ్మ) గొంగడి తీసి కప్పుకుని, దాని మీదికి వంగాను.

తర్వాత ఏం జరిగిందో నాకు పూర్తిగా గుర్తులేదు. గొంగడి నెత్తిమీద ఉండగానే వాకిట్లోకి ఉరికానట, ముఖాన్ని నీళ్ల గోలెంలో ముంచానట.

"ఏం పోస్కున్నవ్ రా అండ్ల?" అంది అవ్వ.

"ఇరవై ఆరు కోళ్ల మందు."

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మరి గుడ్లెప్పుడు పెడ్తవ్?"

ఆ మర్నాటి నుంచి నా వైద్యం అవ్వ చేతిలోకి పోయింది. ఉత్త నీళ్లు కాచి, గిన్నె పొయ్యి మీదినుంచి దించి, ముఖానికి జానెడు దూరంలో పెట్టేది. తైలం లేదు, బామ్ లేదు. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ముక్కు కడుక్కోమనేది. ఫారంలో ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమంది. "ఎన్ని రోజులు చెయ్యాలె అవ్వా?" అని అడిగితే, "నీ లెక్కలు పొయ్యిల వెయ్యి. ముక్కే చెప్తది తియ్యి" అనేది.

అయితే ఆవిడకీ ఒక లెక్క ఉంది. పూటకు ఐదు ఇరవైల ఊపిర్లు పీల్చాలి. అవ్వకు ఇరవై దాకే లెక్క వచ్చు. ఇరవై కాగానే ఒక చింతగింజ పక్కన పెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది.

"అవ్వా, మూడో ఇరవై అయిపోయింది. గింజ పెట్టు" అని గొంగడి లోపలినుంచి అరిచేవాడిని.

"నోరు ముయ్యి. నోరు తెరిస్తే ముక్కుకేం పోతది? మళ్ల ఒకటీ..."

ఒక్క పూట కూడా మానలేదు. కొత్త పిల్లలు దిగే రోజు రానే వచ్చింది, ముక్కు మాత్రం రాలేదు. ఆ పొద్దున కూడా గొంగడి కిందే ఉన్నాను. నాలుగో గింజ పెట్టిన చప్పుడైంది. అంతలో ఎడమవైపు ఏదో తలుపు తెరుచుకున్నట్టయి, తడి ఉన్ని వాసన గుప్పున కొట్టింది.

"అవ్వా! గొంగడి కంపు కొడ్తాంది!"

"కొట్టదా మరి? మీ తాత కప్పుకున్నది" అంది అవ్వ, తన వంటి మీద నగను ఎవరో మెచ్చుకున్నంత సంతోషంగా.

సైకిల్ తీశాను. అవ్వ ఐదో గింజ చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "ఆగురా! ఇంగొక ఇరవై ఉన్నది!"

"వచ్చినంక పీలుస్త తియ్యే!"

ఫారంలో యజమాని నా వెనకే షెడ్డులోకి నడిచాడు. నేను అటు చివరిదాకా వెళ్లి ఆగాను. "గీ మూలకు పొట్టు తడిసింది సార్. పైపు కారుతాంది." ఆయన వంగి గుప్పెడు పొట్టు తీసి పిండాడు. చెయ్యి తడిసింది. "పిల్లల్ని దింపించవయ్యా" అన్నాడు. అంతే.

పిల్లలు చిన్నవని వారం రోజులు షెడ్డు దగ్గరే పడుకున్నాను. ఇంటికొచ్చేసరికి ముక్కు రెండువైపులా ఆడుతోంది, ఇక ఆవిరి ఊసు నేనెత్తలేదు. అవ్వ మాత్రం ఎత్తింది, చాలాసార్లు. "నా ఇరవై ఏదిరా?" అనేది. రేపంటూ దాటేసేవాడిని. కొన్నేళ్లకు అడగడానికి అవ్వ లేకుండా పోయింది.

ఇప్పుడు కొంపల్లిలో ఉంటున్నాను. జలుబు చేస్తే ఉత్త నీళ్లే కాచుకుంటాను. మా ఆవిడ ఫోనులో టైము పెడతానంటుంది గానీ, నేను ఇరవైల లెక్కే పెట్టుకుంటాను. నాలుగు కాగానే దుప్పటి తీసేస్తాను. ఐదోది నాకై నేను లెక్కపెట్టుకుంటే చెల్లదేమోనని అనుమానం. కాబట్టి ఈ రోజుకీ అవ్వకు నా బాకీ ఇరవై ఊపిర్లు.