బరువుల హాలు కూల్చిన రోజు

మా క్వార్టర్ల సెక్టారులో బరువులెత్తే హాలుని ప్లాంటు వాళ్ళు కూల్చేస్తారని మొదట విన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఉక్కు ఊళ్ళో ఇనుప షెడ్డు మీద చెయ్యి వెయ్యడానికి ఎవడికి చేతులాడతాయిలే అనుకున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనికొచ్చిన మావాళ్ళు డ్యూటీ దిగాక కష్టపడి నిలబెట్టుకున్న షెడ్డు అది. ఇప్పుడక్కడ నా మనవరాలు బరువులెత్తుతోంది. ఈ హిందీ ఊళ్ళో పుట్టిన పిల్లకి తెలుగు అంతంతమాత్రం, చదువు ఇంకా అంతంతమాత్రం. బారు భుజాల మీదికి లాక్కుందంటే మాత్రం నా ఛాతీ ఉబ్బిపోతుంది. ఇది పోతే సుపేలా బజారు దాటి ఇంకెక్కడికో వెళ్ళాలి. చీకటి పడ్డాక ఆటోల్లో పంపనని మా కోడలు తెగేసి చెప్పింది. హాలు పోతే పిల్ల ఆట పోయినట్టే.

అందుకని రిటైరైన ముసలాళ్ళమంతా గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. రోజూ సాయంత్రం ప్లాంటు ఆఫీసరు ఒకడు వచ్చేవాడు. మా ఆవిడ పంపిన టీ తాగి, "అంకుల్‌జీ, నా చేతిలో ఏమీ లేదు, ఊపర్ సే ఆర్డర్ హై" అని నమస్కారం పెట్టి పోయేవాడు. తిట్టేవాడైతే తిరిగి తిడతాం. నమస్కారం పెట్టేవాణ్ణి ఏం చేస్తాం? నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఉదయం క్రేన్ వచ్చింది. పోలీసులు మమ్మల్ని తాడు ఇవతలికి నెట్టారు. కాంట్రాక్టరు మనుషులు కప్పును మోసే పెద్ద ఇనుప దూలాన్ని గ్యాసుతో కోయడం మొదలెట్టారు. దాన్ని క్రేన్ కొక్కేనికి ఒక్క చోటే కట్టారు. తెగిందంటే ఒక కొన గిర్రున తిరిగి కింద పడుతుంది. ఆ కిందే ఇద్దరు కూలీలు హెల్మెట్లు లేకుండా రేకులు ఏరుతున్నారు.

ప్లాంటులో నా ఉద్యోగమంతా క్రేన్ ముందు నిలబడి చేతి సైగలతో బరువులు ఎత్తించడం, దింపించడమే. తాడు దాటి "రుకో!" అని గొంతు చించుకున్నాను. క్రేన్ ఆగింది.

"ఆపీసినాడ్రా!" అని మా పక్కింటాయన గంతేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆపడమా, నా మొహమా! కూలీల్ని అవతలికి తరిమాను. దూలానికి రెండు వైపులా కట్టించాను. కాంట్రాక్టరు నన్ను ఉండనివ్వమని పోలీసులకి చెప్పాడు. నేను వదిలేసి వచ్చేస్తే వాళ్ళు మళ్ళీ మొదటిలాగే కోస్తారు. క్రేన్ డ్రైవరు అప్పటికే నా చేతి కేసి చూస్తున్నాడు. అరచెయ్యి కిందికి తిప్పి, మెల్లగా దింపమన్నాను. దూలం ఒరగకుండా దిగింది. చప్పట్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. కట్లు విప్పించి, క్రేన్‌ని రెండో దూలం దగ్గరికి పిలిచాను.

మనవరాలు నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడుతుంది. ఆ రోజు వెనక తాడు దగ్గర నుంచి తెలుగులో అడిగింది.

"తాతా, నువ్వే దింపించీస్తన్నావేటి?"

వెనక్కి తిరగలేకపోయాను. రెండో దూలం కోసేశారు, దాని పక్కనే మనుషులున్నారు. డ్రైవరు నా సైగ కోసం చూస్తున్నాడు. దింపమనడానికి మళ్ళీ చెయ్యెత్తాను.