వీధి వైపు తిప్పిన చెప్పులు

టీచరమ్మ ఇక లేదన్న కబురు వచ్చినప్పుడు నేను మా అమ్మాయి పెళ్లి కార్డుల మీద పేర్లు రాస్తున్నాను. కొత్తగా చూపు వచ్చిన కళ్లు కదా, ఇంకెవరినీ రాయనివ్వకుండా నేనే ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటికంటే పైన పెట్టుకున్న కార్డు ఆమెదే. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"నాన్నా, పెన్ను పక్కకు వెట్టు. టీచరమ్మ పోయిందట. సైనిక్‌పురిల, వాళ్ల చెల్లెలింట్ల."

నాచారంలో మా చర్చికి వచ్చే వాళ్లలో ఆమెను ఎరగనివారు లేరు. ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పి, ఆ పని మానుకున్నాక మా పిల్లలకు సండే స్కూల్ నడిపింది. పిల్లలు మొదలుకొని పాస్టరయ్యగారి దాకా అందరికీ ఆమె టీచరమ్మే. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద బతుకు గడిపినవాణ్ణి. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని చర్చివాళ్లు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నా బిడ్డ పెళ్లి పోయిన శనివారమే అయింది, ఆ సంతోషం పట్టలేకుండా ఉన్నాను. దేవుడికి వేల వందనాలు! అదే చేత్తో ఇది కూడా రాయాల్సి వచ్చింది.

ఆమె ఆరాధనకు అందరికంటే ముందు వచ్చేది. మెట్టుకు ఎడమ పక్కన, చివర, తన బూడిదరంగు చెప్పులు విడిచేది. తర్వాత పిల్లలు విసిరేసిన చెప్పులన్నీ జతలు కలిపి, ముక్కులు రోడ్డు వైపు ఉండేలా తిప్పి పెట్టేది. ఒకసారి నవ్వుతూ అడిగాను.

"ఏంది టీచరమ్మా, అందరి చెప్పులు సదురుతున్నవ్? పున్నెం మొత్తం నువ్వే మూటగడ్తవా?"

"పున్నెం లేదు ఏం లేదన్నా. చెప్పు ఇంటి దిక్కు సూస్తుంటె మనిషి ఇంట్లనే కూసుంటడు. బయటి దిక్కు తిప్పిపెడితె కాలు దానంతటదే పడ్తది."

తన ఇంట్లోనూ అంతే. బిస్కెట్ల డబ్బా పై అరలో ఉండేది, జామకాయలు బల్ల మీద. పిల్లలు పోయి జామకాయలే తినేవారు. "చేతికి అందేదే మనసుకు నచ్చుతదన్నా. మనమేమో మనసే చెయ్యిని నడిపిస్తదనుకుంటం" అనేది. క్రిస్మస్ విందులో అన్నం వడ్డించే గరిటెను చిన్నది చేయించింది. ఎవరికీ తక్కువ పెట్టిందీ లేదు, కావలసినవాళ్లు మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. కానీ ఆ ఏడు విస్తళ్లలో మిగిలి పారేసిన అన్నం చాలా తక్కువ. ఇది చెయ్యి, అది మానెయ్యి అని ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు. వస్తువును జరిపేది, మనిషిని వదిలేసేది.

నా కళ్ల సంగతి చెప్పాలి. రెండు కళ్లకూ పొర వచ్చి లోకమంతా పాలు ఒలికినట్టు ఉండేది. ఆపరేషన్ అంటే మాత్రం ఒప్పుకోలేదు. ఉప్పల్‌లో చాయ్ బండి దగ్గర ఒకాయన, తన బంధువుకు ఆపరేషన్ అయ్యాక ఉన్న చూపు కూడా పోయిందని చెప్పాడు. ఆ ఒక్క మాట నాలో గూడు కట్టుకుంది. మా చర్చిలోనే ఆపరేషన్ చేయించుకుని సన్నటి అక్షరాలు చదివేవాళ్లు ఎంతోమంది. వాళ్లు నాకు లెక్కలోకి రాలేదు.

ఆ మాట టీచరమ్మతో అంటే ఒక్క నవ్వు నవ్వింది. "మంచిగైనోళ్లు కథ చెప్పరన్నా, వాళ్ల పనికి వాళ్లు పోతరు. ఖరాబైనోని కథనే చాయ్ బండి కాడ తిరుగుతుంటది."

కొత్త సంవత్సరం ఆరాధనలో మాకు వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించి పెడతారు, ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి, అందులో ఏ వాక్యం వస్తే అది ఆ ఏటికి మనకు దేవుడిచ్చిన మాట. ఆ రోజు నేను మనసులో ఆపరేషన్ సంగతే అడిగి తీశాను. పక్కాయనతో చదివించుకుంటే లేచి బయలుదేరమనే అర్థం ఉన్న మాట వచ్చింది. మెల్లగా పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీశాను. ఊరకే నిలిచి ఉండమని వచ్చింది. సంతోషంగా జేబులో వేసుకున్నాను. పళ్లెం పట్టుకున్నది టీచరమ్మే అని నాకు కనబడలేదు.

"అన్నా, ఇది పండ్ల బండి కాదు, ఏరుకునేటందుకు!"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక నాకొక్కడికే వినబడేలా అంది. "నువ్వు దేవుణ్ణి అడగలేదన్నా. నువ్వు అనుకున్నదానికి ఆయన సంతకం గావాలన్నవ్."

ఆ తర్వాత కొన్నాళ్లకు మా అమ్మాయికి పీర్జాదిగూడ సంబంధం కుదిరింది. బంగారం లాంటి పిల్లాడు! మాలో పెళ్లికూతుర్ని తండ్రే చెయ్యి పట్టుకుని పీఠం దాకా నడిపించాలి. టీచరమ్మ మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ ఒకటే అడిగింది.

"అన్నా, ఆ దినం బిడ్డ చెయ్యి నువ్వు వట్టుకుంటవా, నీ చెయ్యి బిడ్డ వట్టుకోవాల్నా?"

నేను గ్లాసు కింద పెట్టేశాను. అయినా కదల్లేదు. "ఎప్పుడు పోదామో ఫోన్ చెయ్యన్నా" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో, నేను అన్నిసార్లూ చెయ్యలేదు. చివరికి ఒక ఆదివారం మాట మార్చింది.

"డాక్టర్‌కు చెప్పిన. మంగళవారం పొద్దున ఆటో వస్తది. వద్దనుకుంటెనే ఫోన్ చెయ్యి."

"గిదేం జబర్దస్తీ టీచరమ్మా?"

"జబర్దస్తీ ఏడుంది? ఒక్క ఫోన్ కొడితె ఆటో రాదు."

ఆ ఫోన్ కూడా నేను చెయ్యలేదు. ధైర్యం వచ్చి కాదు, బద్ధకం. ఇన్నేళ్లూ నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన ఆ బద్ధకమే మంగళవారం నాడు నన్ను ఆటో ఎక్కించింది. వాకిట్లో చూస్తే, అప్పటికే వచ్చి నా చెప్పులు రోడ్డు వైపు తిప్పి నిలబడి ఉంది ఆమె.

మొదటి కంటికి ఆపరేషన్ అయి కట్టు విప్పినప్పుడు ముందు కనబడింది నా బిడ్డ ముఖం. చిన్నప్పుడు పడితే కనుబొమ్మ దగ్గర అయిన మచ్చ కూడా కనబడింది! "నా తల్లీ, ఎంత చక్కగున్నవ్!" అని అరిచేశాను. నర్సమ్మ నవ్వింది. నవ్వితే నవ్వనీ.

అప్పటికే టీచరమ్మ ఒంట్లో బాగాలేక చెల్లెలింటికి వెళ్లింది. ఫోన్ చేశాను.

"వస్తనమ్మా. ఇన్నేండ్ల సంది నీ మొఖం మబ్బులనే సూసిన. ఇప్పుడు మంచిగ సూస్త."

"రా అన్నా. ముసలి మొఖమే, మస్తు ఆశ వెట్టుకోకు."

రెండో కన్ను కూడా అయ్యాక పోదామనుకున్నాను. అదీ అయింది. ఉత్త చేతులతో ఎందుకు, పెళ్లి కార్డు తీసుకుని పోతే ఎంత మురిసిపోతుందో అనుకున్నాను. కార్డులు అచ్చయ్యాయి. పేర్లు రాయడం పూర్తికానీ అనుకున్నాను. నాచారం నుంచి సైనిక్‌పురి ఎంత దూరం? ప్రతిసారీ కారణం మంచిగానే కనబడింది.

ఆమె ముఖాన్ని నేను స్పష్టంగా చూసింది సమాధి ఆరాధన నాడు. కళ్ల పక్కన, నవ్వీ నవ్వీ పడ్డ గీతలు. ఇవి ఎప్పటినుంచి ఉన్నాయని వాళ్ల చెల్లెల్ని అడిగాను. "వయసుల ఉన్నప్పటి సంది ఉన్నయన్నా, నీకు ఎరుక లేదా?" అంది.

అక్కడ నిలబడి ఒకటే ఆలోచించాను. నన్ను డాక్టర్ దగ్గరికి పంపడానికి అన్ని ఉపాయాలు పన్నిన మనిషి, తన దగ్గరికి రప్పించుకోవడానికి ఒక్కటీ పన్నలేదు. ఆటో పంపలేదు. ఉత్తగా రమ్మంది. ఉత్తగా చెబితే నేను కదలనని ఆమెకంటే బాగా తెలిసినవారు ఎవరు?

శనివారం నా బిడ్డ చెయ్యి నేనే పట్టుకున్నాను. పీఠం దాకా ఎక్కడా తడబడకుండా నడిపించాను. ముందు వరుసలో అందరి ముఖాలూ కనబడ్డాయి. ఆమె కూర్చునే చోటు వైపు కూడా చూశాను.

ఆరాధన అయి బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర చెప్పులు గుట్టపడి ఉన్నాయి. రెండు వైపుల చుట్టాలూ కలిశారు కదా, జోడు మీద జోడు. మా అమ్మాయి తెల్ల పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వంగి, అందులోంచి నా చెప్పులు వెతికి తీసి, రోడ్డు వైపు తిప్పి పెట్టింది.

"తొడుక్కో నాన్నా."

తొడుక్కోవడానికి తల వంచాను. అంత గుట్టలోనూ మెట్టుకు ఎడమ పక్కన, చివర, ఒక జత పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ విడవలేదు.