ఎవరూ భాగించలేని అంకె

చాడీలు చెప్పి అన్నదమ్ముల్ని విడగొట్టినవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఒక్క అంకెతో విడగొట్టిన మహానుభావుణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. వినండి. కళ్ళు తుడుచుకోవడానికి నా కండువా ఇస్తాను.

ఎనభైల మాట. తెనాలిలో మా గురువుగారు దేవసహాయం మాష్టారు లెక్కల ట్యుటోరియల్ నడిపేవారు. ఆయన కొడుకులు ప్రభాకర్, సుధాకర్, వాళ్ళతోపాటు నేనూ అక్కడే పాఠాలు చెప్పేవాళ్ళం. మాష్టారు పోయారు. సమాధి మట్టి ఆరకముందే అన్నదమ్ములు మాటలు మానేశారు. మాష్టారి సొంతూరు రేపల్లెలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, ఇంటివాళ్ళను ఓదార్చే సభ అది.

ముందురోజు మాష్టారి భార్య మరియమ్మగారు నన్ను పిలిచారు.

"బాబూ, ట్యుటోరియల్ ముక్కలైతే ఆయన రెండోసారి పోయినట్టే. వీళ్ళ మనసు కరిగేలా ఏదైనా చెప్పు."

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా! రాయి కూడా కరుగుతుంది."

కూడికలో మైకు అందుకున్నాను.

"పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడు! ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు తోబుట్టువుల్లా వరసగా నిలబడ్డ సంఖ్య. ఇది ప్రధాన సంఖ్యండీ. ఒకటీ, తానూ తప్ప ఇంకే అంకె వచ్చినా శేషం మిగలకుండా దీన్ని భాగించలేదు. మాష్టారి కుటుంబమూ అంతే! పదకొండు వందల పదకొండు దాకా భాగిస్తే చాలు, తిండి మాని అంతా భాగించి మరీ చూశాను!"

జనం ముక్కులు చీదారు. ప్రభాకర్ చెయ్యి తమ్ముడి భుజం మీదికి వెళ్ళింది. మరియమ్మగారు నాకేసి చేతులు జోడించారు. నేను బూరెలా పొంగాను.

సుధాకర్ మాత్రం తల ఎత్తలేదు. ఎవరు చెప్పినా చేసి చూడందే నమ్మొద్దని మాష్టారు నేర్పిన పాడలవాటు ఒకటి ఉందిగా! పాటా ప్రార్థనా ముగిసేసరికి అట్ట విసనకర్ర నిండా లెక్కలు.

"నువ్వు నూట ఇరవై ఏడుతో భాగించావా?" అని నన్నడిగాడు.

"ఎందుకు భాగించలేదూ!"

"శేషం సున్నా వస్తోంది. భాగఫలం తొమ్మిది వేల ఏడు వందల ఇరవై ఒకటి."

ప్రభాకర్ చెయ్యి భుజం మీంచి దిగిపోయింది.

"లెక్క తేలాక బుకాయించకూడదనేవారు నాన్నగారు. తెనాలి నేను చూసుకుంటాను. నువ్వు బాపట్లలో పెట్టుకో."

"పెద్ద ముక్క నీకు, నూట ఇరవై ఏడు నాకు. చిన్నప్పట్నుంచీ అంతేగా!"

నాకు లెక్కల చెలగాటం, ఆ తల్లికి ప్రాణసంకటం. ఆవిడే ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"తిండి మాని లెక్క చేశావటగా బాబూ. తిను."

ప్లేటులో వడలు.

ముట్టకుండానే ప్లేటు పక్కన పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. నేను లెక్క చేసింది అదే పొద్దున, తెనాలి నుంచి రేపల్లె వచ్చే రైల్లో. నూట పదమూడు దాకా నిజంగానే భాగించాను. అంతలో భట్టిప్రోలు వచ్చింది, వేడి వేడి వడలు వచ్చాయి. లెక్కల కాగితం వడల కిందికి వెళ్ళిపోయింది. నూట పదమూడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య ఏదో తెలుసా? నూట ఇరవై ఏడే. ఇంకొక్క భాగహారం, అంతే!

తొంభైల్లో ఆ రెండు ట్యుటోరియళ్ళూ మూతపడ్డాయి. మరియమ్మగారు అదీ చూసి వెళ్ళారు.

అందుకే ప్రమాణం చేశాను: భాగహారం చేతిలో ఉండగా వడ ముట్టను, వడ ముందుండగా భాగహారం ముట్టను. రెండోది ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు.