సువైక్ ఇంట్లో నా కుడి మడమ

తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను ఒమాన్‌లో, అల్ సువైక్‌లోని ఒక ఇంట్లో పనికి ఉండేదాన్ని. మాది కడప జిల్లా. బండల గనిలో నా భర్త చెయ్యి నలిగిపోయాక ఇల్లు గడవడానికి నా రెక్కలే మిగిలాయి.

ఆ ఇంట్లో నేలంతా పాలరాయి. లోపల ఎవరూ చెప్పులు తొడగరు. తెల్లవారి నమాజుకు వాళ్ళు లేవకముందే నేను లేచి, మళ్ళీ పడుకునేదాకా ఒట్టి కాళ్ళతో ఆ రాతి మీద తిరిగేదాన్ని. మూడో ఏడు ఒక పొద్దున మంచం దిగి కుడికాలు మోపగానే మడమలో మేకు దిగినట్టయింది. కేక బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను. పదడుగులు వేశాక కాస్త సర్దుకుంది. మరుసటి పొద్దున మళ్ళీ అంతే. నెల తిరిగేసరికి పగలంతా కూడా మునివేళ్ళ మీదే నడుస్తున్నాను.

ఎవరికీ చెప్పలేదు. నాకంటే ముందు ఆ ఇంట్లో ఒక సింహళ ఆమె పనిచేసేది. ఆమెకు నడుం పడిపోతే వారం తిరగకుండా విమానం ఎక్కించారట. ఆ సంగతి వాళ్ళ డ్రైవరే నాతో చెప్పాడు.

ఖర్జూరం తోట గట్టున జిల్లేడు ఉంటే ఆకులు తెచ్చాను. ఇటుక కాల్చి, దాని మీద ఆకులు పరిచి, మా అమ్మ చేసినట్టే మడమ ఆనించాను. ఆత్రం కొద్దీ ఇటుక మరీ కాల్చినట్టున్నాను, తోలు బొబ్బలెక్కింది. లోపలి నొప్పి లోపలే ఉంది, పైన కాలిన మంట ఒకటి తోడయింది.

తరవాత పొద్దున్నే బాత్రూమ్‌కు మోకాళ్ళ మీద పాకుతూ పోవడం మొదలుపెట్టాను. ఒకరోజు అలా పాకుతుంటే ఎదురుగా రెండు పాదాలు కనబడ్డాయి. యజమాని తల్లి. ఆ ఇళ్ళలో పెద్దావిడను మామా అని, యజమానిని బాబా అని పిలవాలి. దుకాణాల వాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో ఆమె అడిగింది.

"ఏం వెతుకుతున్నావు?"

"కమ్మ పడిపోయింది మామా."

ఆమె నా కుడి చెవి చూసింది. ఎడమ చెవి చూసింది. కమ్మలు రెండూ ఉన్నాయి. నేరుగా కొడుకు గదివైపు వెళ్ళింది.

ఆ రోజే యజమాని నన్ను ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే చూసి, మడమ ఎముకకు ముల్లులా పెరిగిందనీ, మందులతో తగ్గకపోతే ఆపరేషన్ చేయాలనీ, అప్పటిదాకా ఎక్కువసేపు నిలబడకూడదనీ చెప్పాడు డాక్టరు. యజమాని చెడ్డవాడు కాదు. కారులో నెమ్మదిగానే అన్నాడు, "మీ ఊరికి పోయి చేయించుకో. రంజాన్ లోపల టికెట్ తీస్తాను."

"వద్దు బాబా, కూర్చునైనా చేస్తాను. ఒక్క పని కూడా ఆపను" అని చేతులు జోడించాను. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. ఒక మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతుంటే, ఈ కత్తితో మడమ కోసి పారేస్తే పీడ పోతుంది కదా అనిపించింది. నిజంగానే అనిపించింది. కత్తి బండ మీద పెట్టి పెరట్లోకి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాను, ఒంటి కాలి మీద.

మామాకు మోకాళ్ళ నొప్పి. వారం వారం సోహార్‌లో ఒక క్లినిక్‌కు పోయేది. ఈసారి పట్టుకోవడానికి నన్ను రమ్మంది. అక్కడ ఫిజియోథెరపీ చేసే మేడం హైదరాబాద్ ముస్లిం. మేం తలుపు దాటి నాలుగడుగులు వేయగానే, నొప్పికి నేను "అమ్మా, దేవుడా" అనుకోవడం విని ఆమె మామాను వదిలి నా వైపు చూసింది.

"తెలుగా? గట్ల నడుస్తున్నవేందమ్మా? ఎప్పటిసంది?"

మూడేళ్ళుగా వినని మాట. గబగబా అన్నాను, "ఎముక పెరిగింటాదంట మేడం. కోయాలంట. నన్ను పంపించేస్తాండారు."

ఆమె నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, బొటనవేలితో మడమ కింద లోపలి వైపు ఒక్క చోట నొక్కింది. ప్రాణం పోయింది. "ఊకెనే చెయ్యి పెట్టను. జర లోపల చూసినంక చెప్త" అని పక్క గదిలోని స్కానింగ్ డాక్టరుతో మాట్లాడింది.

స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నవాళ్ళకు చేసేదని మాత్రమే నాకు తెలుసు. మడమకు చల్లటి జిగురు పూసి, ముందు బాగున్న కాలు, తరవాత నొప్పి కాలు చూశారు. మేడం తెర మీద వేలితో చూపించింది. "మడమకెల్లి వేళ్ళ దాకా పట్టీ లెక్క ఒకటుంటది. ఎడమ కాలికి చూడు, సన్నగుంది. గిది చూడు, వాచి దగ్గర దగ్గర రెండింతలైంది. తెగలేదు, నయమే. ముల్లు సంగతంటవా, నొప్పి లేనోళ్ళకు గూడ ఉంటది. కోసుడు అక్కరలేదు."

"ఎన్ని దినాలకు తగ్గుతాది మేడం?"

"నెలలు పడుతది."

నెలలు! రంజాన్‌కు ఉన్నదే ఏడు వారాలు. బల్ల మీదే ఏడ్చేశాను. మామాకు మా మాటలు అర్థం కాలేదు. ఏమిటని మేడంను అడిగి తెలుసుకుని అంది, "నా అరగంటలో సగం దీనికి ఇవ్వు."

అప్పటినుంచి వారం వారం పావుగంట నాది. మేడం నా పిక్క కండను మోచేత్తో అదిమి సాగదీసేది. మడమ ఎముకను రెండు చేతులా పట్టి అటూ ఇటూ కదిపేది. అరికాలి పట్టీ పొడవునా బొటనవేలు దించుకుంటూ పోయేది. నేను బల్ల అంచు కొరికేదాన్ని. పొద్దున కాలు కింద పెట్టకముందే తువ్వాలుతో వేళ్ళు వెనక్కి లాగమంది. ఇంట్లో మెత్తటి చెప్పులు తప్పవంది. మామా ఒప్పుకుని, ఇంట్లోకే అని కొత్త జత తెప్పించింది.

మొదటి మూడు వారాలు నొప్పి పెరిగింది. మోసపోయానేమో, వీళ్ళ చేతుల్లోనే కాలు పోతుందేమో అనుకున్నాను. అయిదో వారం కూడా పొద్దున గోడ పట్టుకునే లేచాను. మళ్ళీ స్కాన్ చేస్తే వాపు కొంచెం తగ్గిందని మేడం సంతోషపడింది. నాకు సంతోషం రాలేదు. రంజాన్ దగ్గర పడింది.

రంజాన్ వచ్చింది. యజమాని టికెట్ మాట ఎత్తలేదు. మామా ఏమైనా చెప్పిందో, పనిమనిషి లేకుండా పండగ నెల గడవదనుకున్నారో నాకు తెలియదు. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ నెలంతా చెప్పులతో వంటింట్లో నిలబడ్డాను. డ్రైవరు నన్ను పిలిచినప్పుడల్లా పెట్టె సర్దుకోమంటాడేమో అనుకునేదాన్ని. పండగ అయ్యాక ఒక సోమవారం అతను కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. లోపల రెండేళ్ళకు పొడిగించిన నా బతాకా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు.

దాన్ని పట్టుకుని వంటింటి మెట్టు మీద కూలబడి, అతని ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పి పూర్తిగా పోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.