బియ్యం డ్రమ్ములో కాగితాలు

ముందే ఒప్పేసుకుంటాను. నేను చెప్పేదాన్ని మూడుతో భాగించుకుని వినాలి. మా ఆవిడ ఐదుతో భాగిస్తుంది, ఆవిడకి అనుభవం ఎక్కువ. నాలుగు చినుకులు పడితే గోదావరి గట్టు దాటిందంటాను. వేలెడు రొయ్యని మోచేతి దాకా సాగదీసి చెబుతాను. దొరికిన ఉద్యోగం కూడా ఈ గుణానికి తగ్గట్టే దొరికింది. అమలాపురంలో ఒక ఆడిటర్ల ఆఫీసులో రాతపని నాది. లెక్కలు రాయడం కాదు. ఆఫీసు నుంచి క్లయింట్లకి వెళ్ళే ఉత్తరాలు, కరపత్రాలు, వెబ్‌సైటులో మాటలు, పండగలకి వాట్సాప్‌లో పంపే శుభాకాంక్షలు, ఎవరికైనా కోపమొస్తే చల్లార్చే ప్రకటనలు, ఇవన్నీ నేనే రాస్తాను.

కోనసీమలో నాలాంటి రాతగాళ్ళు వందలమంది ఉన్నారు. సరే, ఏడుగురం. ఆడిటర్ల దగ్గర ముగ్గురు, లాయర్ల దగ్గర ఇద్దరు, ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీర్ల దగ్గర ఒకరు, రొయ్యల చెరువుల వాళ్ళకి సలహాలిచ్చే కన్సల్టెన్సీలో ఒకరు. మేము చేసేదేమిటో మా ఆఫీసుల్లోనే ఎవరికీ తెలియదు. పైవాళ్ళు మమ్మల్ని గుమాస్తాలనుకుంటారు, గుమాస్తాలు పైవాళ్ళ మనుషులనుకుంటారు. ప్రింటరు మొరాయిస్తే మాత్రం ఇద్దరూ మమ్మల్నే పిలుస్తారు. ఈ బాధ చెప్పుకోవడానికి నెలనెలా రెండో శనివారం అంబాజీపేటలో, ఒక కాఫీ హోటలు మేడ మీద కలుసుకునేవాళ్ళం. రాజోలు వాళ్ళకీ, కొత్తపేట వాళ్ళకీ, మాకూ అది మధ్యలో పడుతుంది. కింద పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసిన పొట్టిక్కలు ఉడుకుతుంటే, పక్క కొట్లలోంచి ఎండుకొబ్బరి వాసన మేడెక్కి వచ్చేది.

మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఒకరు రాసి తెచ్చింది ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాళ్ళు నోరెత్తకూడదు. చదవడం అయ్యాక, చదివినవాళ్ళు కాగితం మడిచి, అందులో ఏముందో ఒక్క ముక్కలో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ కాగితం దండగ. ఆ తర్వాత కాగితం రాసినవాళ్ళ చేతికే తిరిగి వెళ్ళిపోవాలి. మేడ మీద విన్నది మెట్లు దిగకూడదు. వీటన్నిటికీ కాపలాగా కన్వీనరు ఒకరుండాలి కదా, అది నేను. ఎన్నిక హోరాహోరీగా జరిగింది. నిజానికి మిగతా ఆరుగురూ మాకొద్దంటే మాకొద్దన్నారు.

రాజోలు నుంచి ఒకావిడ వచ్చేవారు. అక్కడ ఇంకో ఆడిటర్ల ఆఫీసులో మాలాగే రాతపని. వయసు ముప్ఫై దాటి ఉంటుంది. వాళ్ళమ్మగారు వరినాట్లకి వెళ్ళి చదివించారట. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మొదట ఆవిడకే వచ్చింది. ప్రతి ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు. ఆ గొంతుతో చదివితే మా కరపత్రాలు కూడా నమ్మాలనిపించేవి. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేవారు.

ఒక నెల ఆవిడ, వాళ్ళ సారు వద్దని పక్కన పడేసిన ఉత్తరం తెచ్చారు. మాలో పెద్దాయన, కొత్తపేటలో లాయర్ల దగ్గర పనిచేసే ఆయన, మేమంతా బాబాయిగారూ అంటాం, అది అందుకుని పైకి చదివారు.

"మీ కాగితాలు సంచీలో ఉన్నా, డబ్బాలో ఉన్నా, బియ్యం డ్రమ్ములో ఉన్నా, అలాగే తీసుకురండి. సర్దడం మా పని. సిగ్గుపడడం ఎవరి పనీ కాదు."

బాబాయిగారు కాగితం మడిచారు. "ఏం చెప్పేరంటేనండీ, భయపడకుండా రమ్మన్నారు. మరి మీ సారెందుకొద్దన్నారమ్మా?"

"బియ్యం డ్రమ్మేంటమ్మా, మనం ఆడిటర్లమా, కిరాణా కొట్టోళ్ళమా అన్నారండీ."

అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వి, తర్వాత చెప్పారు.

"మా అమ్మ మా సర్టిఫికెట్లన్నీ బియ్యం డ్రమ్ములోనే దాచేదండీ. వానొస్తే మా ఇంట్లో తడవనిది అదొక్కటే. నా కాలేజీ సీటుకి ఏ కాగితం కావాలో తెలీక, డ్రమ్ము డ్రమ్మే ఆఫీసుకి మోసుకెళ్ళిందండి. అక్కడున్నాయన కింద గుమ్మరించమన్నారు. అందరూ ఒకటే నవ్వు. అమ్మ కాగితాలు తీయలేదండీ. ముందు గింజలేరింది."

ఆ నెల ఇంకెవరి కాగితమూ చదవలేదు.

సరిగ్గా ఆ వారంలోనే మా సారు నన్ను పిలిచి, క్లయింట్లకి గుడ్డ సంచులు పంచుదాం, వాటి మీద మంచి మాటేదైనా రాయవయ్యా అన్నారు. మూడు రోజులు కూర్చున్నాను. ముప్ఫై కాగితాలు చింపాను. మూడుతో భాగించుకోండి. ఏం రాసినా ఆ డ్రమ్మే అడ్డొచ్చేది. వాళ్ళ సారు వద్దన్నదే కదా, ఎవరికీ పనికిరాకుండా పడున్నదే కదా అనుకున్నాను. కాగితం నా దగ్గర లేదు. అవసరం కూడా లేదు, అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అవే మాటలు రాసిచ్చాను. మా సారు రెండుసార్లు చదువుకుని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎక్కడ దొరికిందయ్యా నీకీ డ్రమ్ము?"

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఒక్క ఊపిరిలో అయిపోయేది. "మా అమ్మ దాచేదండీ" అన్నాను. అన్నవాణ్ణి అక్కడితో ఆగానా? కారే ఇల్లు కట్టాను, అమ్మ నెత్తిన డ్రమ్ము పెట్టి గోదావరి దాటించాను, ఆఫీసు గచ్చు మీద బియ్యం పోయించాను. నా జీవితంలో అన్ని అబద్ధాలనూ దేనితోనో ఒకదానితో భాగిస్తే చివరికి కాస్త నిజం మిగులుతుంది. దీన్ని దేనితో భాగించినా ఏమీ మిగలదు.

సంచులు కోనసీమంతా పాకిపోయాయి. జనం నిజంగానే కాగితాలు ఉన్నవి ఉన్నట్టు పట్టుకురావడం మొదలెట్టారు. అల్లవరం రైతు ఒకాయన రొయ్యల మేత సంచీ నిండా తెచ్చారు. కాట్రేనికోన పడవల ఆసామి ఐసు పెట్టెలో తెస్తే, మా ఆఫీసు ఆరు నెలలు చేపల రేవులా ఉంది. అందరి ముఖాల్లోనూ ఒకటే నిశ్చింత. అది చూసినప్పుడల్లా ప్రింటరు దగ్గర పనుందని లేచిపోయేవాణ్ణి. ఆఫీసు వార్షికోత్సవానికి మా సారు మా అమ్మని కూడా పిలిపించి, వేదిక మీద కూర్చోబెట్టి, ఇంతటి మాట పుట్టించిన తల్లి అని శాలువా కప్పారు. మా అమ్మ నవ్వుతూ అందరికీ దణ్ణం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది.

"ఏ డ్రమ్మురా?"

"ఏదో ఆఫీసు సంగతిలేవే."

"మనింట్లో బియ్యం డ్రమ్ములో బియ్యమే కదరా ఉండేవి? కాగితాలన్నీ నాన్నగారు బీరువాలో పెట్టేవారు, ఇస్త్రీ చేసినట్టు."

అమ్మ శాలువా తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ దాన్ని కప్పుకోగా నేను చూడలేదు.

ఇంకొన్నాళ్ళకి రాజోలు ఆఫీసు వాళ్ళు కొత్తపేటలో బ్రాంచి తెరిచారు. వాళ్ళ సారుకి పాత ఉత్తరం గుర్తొచ్చిందట. ఆ మాటలే బాగున్నాయని గుమ్మం పక్కన పెద్ద బోర్డు రాయించారు. ప్రారంభానికి వచ్చిన క్లయింటొకాయన ఆ బోర్డు చదివి, "ఇది అమలాపురం వాళ్ళది కదండీ" అని చేతిలో ఉన్న మా సంచీ ఎత్తి చూపించారు. అందులోంచి ఆయన తెచ్చిన అరటిపళ్ళ గెల తొంగి చూస్తోందట. సాయంత్రానికల్లా బోర్డు తీసేశారు.

మర్నాడు ఆవిడ ఫోన్ చేశారు.

"అన్నయ్యగారండీ, పనిలో ఉన్నారాండీ?"

"ఆయ్, లేదమ్మా. చెప్పు."

"మా సారు నన్ను దొంగనలేదండీ. ఇంకెవరి ముక్కలైనా కలిసేయేమో చూడాలని నేను రాసిన పాతవన్నీ తెప్పించుకుని బల్ల మీద పెట్టుకున్నారండి."

మా ఆఫీసులో రాసేది నేనొక్కణ్ణేనని ఆవిడకి తెలుసు.

"ఆ మాటలు మెట్లు దిగి మీ సంచీ మీదకెలా వెళ్ళేయో నాకొద్దండి. నేనడగను. మీ సంచులు రాకముందే అవి నేను మేడ మీదకి తెచ్చేనని ఒక్క ముక్క రాసివ్వండి చాలు. మిగతావాళ్ళు రాస్తే స్నేహితులు వెనకేసుకొచ్చేరంటారండి. మీది సంచీ ఇచ్చిన ఆఫీసు కదా, మీ సంతకమైతే మా సారు నమ్ముతారు. అది లేపోతే ఇంక నాచేత రాయించరండి. ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టేస్తారు."

"ఎంత మాటమ్మా. రాస్తాను" అన్నాను.

రాశాను. ఆవిడ ఒక్క ముక్క అడిగితే నేను పేజీన్నర రాశాను. ఇరవై ఏళ్ళు నేర్చుకున్న విద్యంతా అందులో పెట్టాను. మా సారు చూసినా, వాళ్ళ సారు చూసినా, మా అమ్మ చూసినా ఎక్కడా నా మెడకి చుట్టుకోకుండా చెక్కాను. "మా సంఘం సభ్యులందరి కృషినీ సమానంగా గౌరవిస్తుంది" అని మొదలుపెట్టాను. "ప్రజల మధ్య పనిచేసేవారికి ఇలాంటి ఆలోచనలు తట్టడం సహజం. ఇవి ఎవరికైనా తట్టగలవి" అని మధ్యలో పెట్టాను. చివర ఆవిడ నిబద్ధతని ఆకాశానికెత్తాను. కింద నా సంతకం, కన్వీనరు అని.

సంఘం పేరుతో బయటికి వెళ్ళే కాగితం ఏదైనా ముందు మేడ మీద చదవాల్సిందే. ఆ రెండో శనివారం ఎవరు చదువుతారని బాబాయిగారు అడిగితే, ఆవిడే చెయ్యి చాచారు.

"నేను చదువుతానండీ."

చదివారు. ఆదివారం వాక్యం చదివినంత స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా. "ఎవరికైనా తట్టగలవి" అన్న చోట కూడా గొంతు మారలేదు. నేను కాఫీ గ్లాసులోకి చూస్తున్నాను. అందులో కాఫీ అయిపోయి చాలాసేపైంది.

ఆవిడ కాగితం మడిచారు.

"ఏం చెప్పేరమ్మా?" అన్నారు బాబాయిగారు పద్ధతి ప్రకారం.

"ఏమీ లేదండీ" అన్నారావిడ. "చాలా బాగా రాసేరు."

ఆ కాగితం నా ముందు పెట్టి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. బాబాయిగారు నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, ఆ అమ్మాయి అడిగిందేంటి, నువ్వు రాసిందేంటి? ఇంకోటి రాయి. ఇక్కడే. నా పెన్నిస్తాను."

"ఇంటికెళ్ళి రాస్తానండీ" అన్నాను.

వారం తిరక్కుండా ఆవిడ మా వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నారు. రాజోలు ఆఫీసుకి ఇప్పుడు ఉత్తరాలు హైదరాబాదు నుంచి రాసి వస్తాయి. ఆవిడని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారని బాబాయిగారు చెప్పారు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, కూర్చోండి అంటారట.

అప్పుడు నేను రాజోలు వెళ్ళాను. పొద్దున్నే బస్సెక్కాను. బోడసకుర్రు వంతెన మీద గాలికి బస్సు పడవలా ఊగింది. మామిడికుదురు, నగరం, తాటిపాక దాటి రాజోలులో దిగి, తిన్నగా వాళ్ళ సారు గదిలోకి వెళ్ళి, "ఆ మాటలు మీ ఆఫీసులో అమ్మాయివండీ, నేను దొంగిలించాను" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. గోడ మీద క్యాలెండరు కదిలింది. తర్వాత ఆవిడని లోపలికి పిలిచారు. ఆవిడ విని, "పోన్లెండి అన్నయ్యగారండీ, ఇప్పటికైనా వచ్చేరు" అన్నారు. వాళ్ళ సారు కాఫీ తెప్పించారు. బోర్డు మళ్ళీ గుమ్మం పక్కకెక్కింది.

ఈ వ్యాసంలో నేను కల్పించింది ఇదే. రొయ్యలు, ఐసు పెట్టెలు, హోరాహోరీ ఎన్నికలు, వాటిని మీరు భాగించుకోగలరు. రాజోలు గదిలో జరిగింది భాగించడానికి కుదరదు, ఎందుకంటే అది జరగలేదు. బస్సెక్కిన మాట నిజం. తాటిపాక సెంటర్లో దిగిపోయాను. టీ తాగాను. ఎదురుగా అమలాపురం బస్సు ఆగి ఉంటే ఎక్కేశాను.

ఈ వ్యాసంలో ఎవరి పేర్లూ రాయలేదు. అయినా ఆ సంచీ కోనసీమలో చాలా ఇళ్ళలో ఉంది, మా సారింట్లోనూ ఉంది, ఇది చదివిన వాళ్ళెవరికైనా ఎవరి సంగతో తెలిసిపోతుంది. తెలియాలనే రాశాను. సంచీ మీద ఉన్న మాటలు రాజోలులో ముందు బల్ల దగ్గర కూర్చున్న ఆవిడవి. నేను వాటిని అంబాజీపేట మేడ మీద, మా సంచులు అచ్చవకముందు విన్నాను. ఆ డ్రమ్ము వాళ్ళ అమ్మగారిది.