కోసిన డాడ్జ్, కొంగుముడిలో రోటర్

1979 మే నెల. చిత్తూరులో సెకండ్‌హ్యాండ్ బండ్లకు బ్రోకరుగా నేను కాస్త పేరు తెచ్చుకున్న రోజులు. మా నాయనది పుత్తూరులో కిరాణా అంగడి. కందిపప్పులో రాళ్లు ఏరడం నేర్చుకున్న కళ్లతోనే ఇంజన్లు చూసేవాణ్ణి. ఇంజను గురించి తెలిసింది తక్కువ. మనుషుల మొహాలు చూసి బేరం కుదర్చడంలో మాత్రం నన్ను మించినవాడు లేడని నమ్మకం. ఆ నమ్మకానికి గండి పడిన కథ ఇది.

పుత్తూరు బండ్ల సంతలో మా బేరం పశువుల బేరంలాగే జరిగేది. భుజం మీది తుండుగుడ్డను చేతుల మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టి ధర చెప్పుకునేవాళ్లం. గుడ్డ తీసేశాక మాట మారకూడదు. మార్చిన బ్రోకరుకు సంతలో మళ్లీ ఎవడూ చెయ్యి ఇవ్వడు. ఇంకో ఆచారం కూడా ఉండేది. అమ్మేవాడే బండిని స్టార్టు చేసి, నడుస్తున్న ఇంజనుతో కొనేవాడికి అప్పజెప్పాలి.

కార్వేటినగరం నుంచి మునిరత్నం కబురు పెట్టాడు. ఆయనకు సొంత లారీ ఉంది. చనిపోయిన అన్న వాడిన పాత డాడ్జ్ కారు ఒకటి ఉందనీ, వదిన అమ్మడానికి ఒప్పుకుందనీ చెప్పి పంపాడు. చిత్తూరులో నాకు తెలిసిన డాక్టరుగారికి పాత కార్లంటే ప్రాణం. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. డాడ్జ్ అనే మాటకే ఆయన ఆగలేకపోయారు. బండి చూడకుండానే, టీ అంగడి దగ్గరే గుడ్డ కింద మునిరత్నం వేళ్లూ డాక్టరుగారి వేళ్లూ కలిపాను. బేరం కుదిరింది. ఇక ఆర్.సి. పుస్తకం తీసుకోవడానికి వదిన ఇంటికి పోవడమే మిగిలింది.

ఇంటి ముందు డాడ్జ్ నిలబడి ఉంది. డాక్టరుగారి మొహం మాడిపోయింది. కారు ముందు సగమే కారు. డ్రైవరు సీటు వెనక నుంచి కోసేసి, చెక్క తొట్టి బిగించి పికప్ చేశారు. తొట్టి నిండా బెంగుళూరా రకం మామిడికాయలు. కొంగు నడుముకు చుట్టి, పైన గడ్డి పరుస్తున్న మనిషే మునిరత్నం వదిన కుప్పమ్మ.

“ఇంత మంచి కారును ఎవరమ్మా ఇట్లా కోసింది?” అన్నారు డాక్టరుగారు, నొప్పి తన ఒంట్లోనే ఉన్నట్టు.

“మా ఆయనే సార్. కోయకపోయుంటే చింతచెట్టు కింద పడుండేది. కోళ్లు గుడ్లు పెట్టేటివి.”

“కారంటే చేసినవాడు చేసినట్టే ఉండాలమ్మా. నేను తీసుకెళ్లి మళ్లీ ఒరిజినల్ చేయిస్తాను.”

“మీరు కడుపు కోసి కుట్టినోళ్లను మళ్లా ఒరిజినల్ చేసి పంపిస్తారా సార్?” అని ఆమె గడ్డి సర్దుకుంటూనే అడిగింది. “ఇంతకీ యాడికి తీసకపోతారు? ఎవురు అమ్మినారు?”

నేను మునిరత్నం వైపు తిరిగాను. మునిరత్నం ముందుకొచ్చాడు.

“నేనే వదినా. మగదిక్కు లేని ఇంట్లో బండి ఏం చేసుకుంటావు? ఆడమనిషి స్టీరింగు పట్టుకుంటే ఊరంతా నవ్వతా ఉండారు. కాయలు నా లారీలో పోతాయిలే.”

“నీ లారీలో పోతే బాడుగ నువ్వు చెప్పిందే, ధర నువ్వు తెచ్చిందే. రెండేండ్లకు మామిడితోపు కూడా నీదే అయితాది. నవ్వేవోళ్లను నవ్వనీ అబ్బా. లైసెన్సు ఉండాది నాకు. ఖాళీ బండి ఎవుడైనా తోల్తాడు. కాయ కమలకుండా పుత్తూరు దాకా తోలమను, సూస్తాము.”

“గుడ్డ కింద మాటయిపోయింది. శెట్టిని అడుగు.”

కుప్పమ్మ నన్ను చూసింది. నేను అలవాటు కొద్దీ గుడ్డ పరిచి, “అమ్మా, నీ మనసులో ధర ఏందో...” అంటూ చెయ్యి చాపాను. పరాయి ఆడమనిషి వేళ్లు పట్టుకోబోతున్నానని చాపాక గానీ తెలియలేదు. ఆమె బండిలోంచి స్టార్టింగ్ హ్యాండిల్, అంటే ఇంజను తిప్పే ఇనుప కడ్డీ, తీసి నా గుడ్డ కింద పెట్టింది.

“దీనికి ఎన్ని వేళ్లుండాయో లెక్కబెట్టు శెట్టన్నా. అయినాక మా మరిదికి ఇయ్యి. అమ్మినోడే స్టార్టు చేసి అప్పజెప్పల్ల గదా మీ ఆచారం. అప్పజెప్పమను.”

మునిరత్నం పంచె ఎగగట్టాడు. కడ్డీ దూర్చి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఇంజను ఆవలించింది తప్ప లేవలేదు. ఆయన లారీకి డ్రైవరున్నాడు. ఆయనకు మీసం ఉంది, అంతే.

డాక్టరుగారు బానెట్ ఎత్తారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశారు. లోపల రోటర్ లేదు. తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచే బొటనవేలంత ముక్క అది. అది లేకపోతే ఎంత పెద్ద ఇంజనైనా రుబ్బురోలే. డాక్టరుగారి చూపు కుప్పమ్మ కొంగుముడి మీద ఒక్క క్షణం ఆగింది. మూత పెట్టేసి బానెట్ దించారు.

“ఈ బండి నాతో రాదు శెట్టీ” అన్నారు. కోపంగా కాదు.

మునిరత్నం నా వైపు తిరిగాడు. “మాట తప్పితే పుత్తూరు సంతలో నీకు బేరం పుట్టనీను.”

నాకు భయం వేయలేదంటే అబద్ధం. సంతలో పేరు పోతే నా దగ్గర మిగిలేది తుండుగుడ్డే. కానీ మా నాయన అంగట్లో ఒక కట్టుబాటు ఉండేది. మూట ఎవరిదో అడగకుండా దాన్ని తూకానికి ఎక్కించేవాడు కాదు. నేను తూచి, ధర కట్టి, అప్పుడు అడుగుతున్నాను మూట ఎవరిదని.

“నేను పట్టించింది నీ చెయ్యి మునిరత్నం. బండి ఆమెది. సొంతదారు చెయ్యి లేనిది నా గుడ్డ కింద బేరం కాదు. సంతలో చెప్పుకో. నేనూ చెప్తాను” అని గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాను.

కుప్పమ్మ కొంగుముడి విప్పి రోటర్ బిగించింది. బండి ఆపినప్పుడల్లా దాన్ని తీసి ముడేసుకోవడం ఆమె అలవాటట. ఒక్క తిప్పుకు ఇంజను అందుకుంది. డాక్టరుగారు, “పుత్తూరు దాకా పక్కన కూర్చోవచ్చా అమ్మా?” అని అడిగారు. నాకు మామిడికాయల మీదే చోటు దొరికింది. గేరు మార్చినప్పుడల్లా ముందు నుంచి ఆయన “ఆహా” అనడం వినిపించింది. కాయలు కమల్లేదు. నా సంగతి అడగకండి.

మునిరత్నం అన్నంత పనీ చేశాడు. ఆ ఏడాది సంతలో చాలామంది నాకు చెయ్యి ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లతోనే బతికాను.

పాత కార్లను ప్రేమించేవాళ్లు ఇప్పటికీ నాతో, కార్లను కోసి పికప్‌లు చేయడం పాపమంటారు. నేను ఒప్పుకోను. గుడ్డ కప్పిన షెడ్డులో మెరుస్తూ నిలబడ్డ కారు కన్నా, కోయించుకుని మామిడికాయలు మోసిన ఆ సగం డాడ్జే నాకు నిండు బండి. కోసినవాడు దాన్ని చంపలేదు. పనిలో పెట్టాడు.

ఆ రోజు తర్వాత ఏ బండి బేరానికి పోయినా నేను గుడ్డ పరిచే ముందు ఒక్కటే అడిగేవాణ్ణి: “దీన్ని రోజూ స్టార్టు చేసేది ఎవరు? వాళ్లను పిలవండి.”